మొదటి గ్లాసు

మా వెలగతోటలో ఎవరు కొత్త బోరు వేయించినా మొదటి గ్లాసు నీళ్ళు మా నాన్నకి ఇచ్చేవారు. బోరు బండి వెళ్ళిపోయి, బురదనీళ్ళు తేరుకున్నాక, పసుపు రాసిన పంపు ముందు ఆయన్ని నిలబెట్టి స్టీలు గ్లాసు చేతికిచ్చేవారు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి ఆయన మొహంలోకి చూసేవారు. నాన్న ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా మనసులో పది లెక్కపెట్టేవాడు. మొహం మామూలుగా ఉంటే కొబ్బరికాయ కొట్టేవారు. ఉప్పు తగిలితే కుడికన్ను సగం మూసుకునేది. చేదు తగిలితే రెండు కళ్ళూ గట్టిగా మూసుకుపోయి, కింది పెదవి ఎడమవైపు జారి, గడ్డం మీద చర్మమంతా ముడతలు పడేది. అంటే ఆ నీళ్ళు పశువుకి కూడా పెట్టొద్దని.

నాన్న పేరు మేడిశెట్టి వీర్రాజు. మునిసిపాలిటీ నీళ్ళ విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పరీక్షల దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. ఊరికి ఆయన నీళ్ళ వీర్రాజు గారు. ఆఫీసులో సీసాలూ, చుక్క వేస్తే రంగు మారే మందులూ ఉండేవి కానీ, వాటి ఫలితం కాగితం మీదకి వచ్చేసరికి నాలుగు రోజులు పట్టేది. "వీర్రాజు మొహం చూశాక ఇంకా రిపోర్టు దేనికయ్యా" అని వాళ్ళ ఇంజనీరే అనేవాడట.

ఆ మొహాన్ని పాడుచేసింది నేను. ఇంకెవరో చెప్పే ముందు నేనే చెప్పేస్తే నయం.

ఫొటో తీసింది కూడా నేనే. ఒక ఆదివారం నాన్నతో సరదాగా మా ఊరి చివరున్న గట్టుపేట వెళ్ళాను. అక్కడ రసాయనాల కంపెనీ గోడ పక్కన ఒక బోరు ఉంది. నీళ్ళలో ఏదో తేడాగా ఉందని పేటవాళ్ళు కబురుపెట్టారు. నాన్న గుక్క పోసుకున్నాడు. ఏడో అంకె దగ్గరే మొహం మారిపోయింది. నేను ఫోన్లో టక్కుమని నొక్కాను. ఫొటోలో నాన్న చేతిలో స్టీలు గ్లాసు, వెనకాల పంపు, ఆ వెనక కంపెనీ గోడ స్పష్టంగా పడ్డాయి. ఇంటికెళ్ళి అమ్మకి చూపిస్తే, "పాపం, ఎంత చేదుగా ఉన్నాయో" అంది. అప్పటికి ఆ మొహం చూసి ఎవరికైనా వచ్చే మాట అదే.

*

నేను పనిచేసే ప్రయోగశాల రాజమండ్రిలో ఒక చీరల దుకాణం పైన మూడో అంతస్తులో ఉండేది. దాన్ని పెట్టింది శశిభూషణ్ గారు. కడియం వైపు మొక్కల తోటలు పెంచే కుటుంబం ఆయనది. మా పద్ధతికి ఆయనే 'అంటు' అని పేరు పెట్టారు.

"నాటు మామిడి మొదలు మీద మంచి రకం కొమ్మ కడతాం కదా హైమగారూ. వేరు ఒకదానిది, కాయ ఇంకొకదానిది. ఇక్కడ వేరు నవ్వు. కాయ మనకి కావలసిన మాట" అనేవారు.

మొదట్లో నాకూ వేళాకోళంగానే అనిపించింది, జగ్గారావు గారిని చూసేదాకా. ఆయన రిటైరైన తాసీల్దారు. జీవితంలో ఎవరి మాటకీ ఊ కొట్టని మనిషి. పొద్దున్న వస్తే ఇడ్లీ, కాఫీ ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. ఎదురుగా తెర, తెర మీద చెంపల కదలికని పట్టే కెమెరా. ముందు ఒక ప్రశ్న అడిగి జవాబు ఆయన చేతే రాయించాం. బస్టాండు ఊరి బయటికి మార్చాలా అని. మార్చడానికి వీల్లేదు, ముసలివాళ్ళు చచ్చిపోతారు అని పేజీన్నర రాశారు. తరవాత ఒక ఇరవై బొమ్మలు చూపించాం. ఏవో వింత మొహాలు, కింద పాత బస్టాండు మీద చిన్న చిన్న జోకులు. ఏడింటికి నవ్వారు. కాఫీ తాగాక మళ్ళీ అదే ప్రశ్న అడిగాం.

"మార్చాల్సిందేనమ్మా. నేను మొదట్నించీ ఇదే అంటున్నాను కదా" అన్నారు.

ఆయన రాసిన కాగితం ఆయనకే చూపించాం. తిప్పి తిప్పి చూశారు. "రాత నాదే. ఎవరో నా చేత రాయించుంటారు" అని చిరాకుపడి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. నేను ఆ కాగితం మళ్ళీ మొదట్నించీ చదివాను. శశిభూషణ్ గారి కళ్ళలో మాత్రం పండగే.

నవ్వే ఆ అరక్షణంలో బుర్రకి కాపలా ఉండదు. ఏ మాట పక్కన నిలబడితే ఆ మాట లోపలికి వచ్చేస్తుంది, వచ్చాక ఎప్పట్నించో అక్కడే ఉన్నట్టు కూర్చుంటుంది. అంటు అంటే అంతే. ఏ మొహం ఎక్కువమందిని ఆ అరక్షణం ఆపగలదో వెతికిపెట్టడమే మా పని. దోమల గురించి, హెల్మెట్ల గురించి చెప్పడానికి వాడతామని మొదలుపెట్టాం. అబద్ధం కాదు, నిజంగానే అలా మొదలుపెట్టాం.

పొద్దున్నే కెమెరాలని సరిచేయడానికి ఒక కొలతబొమ్మ కావాలి. త్రాసుకి తూకపురాయి ఎలాగో అలాగ. దాంతో ఒక చిక్కు. ఆ మొహాన్ని లోకంలో ఎవరూ అంతకుముందు చూసి ఉండకూడదు. సినిమావాళ్ళ మొహాలు పనికిరావు, ఒక్కోదాని మీద ఇప్పటికే లక్ష నవ్వులుంటాయి. నెట్లో దొరికేవీ అంతే. కాబట్టి ఎవరింట్లో ఉన్న ఫొటోలు వాళ్ళు తెమ్మన్నారు. ఒకాయన కుర్చీలో నిద్రపోతున్న అత్తగారిని తెచ్చాడు. ఒకమ్మాయి వాళ్ళ చిన్నప్పటి లెక్కల మాస్టారిని తెచ్చింది. నేను నాన్నని తెచ్చాను.

మొదటిసారి తెర మీద నవ్వుని కొలిచే ముల్లు పెద్దగా కదల్లేదు. గ్లాసు వల్ల. చూసినవాళ్ళ కళ్ళు గ్లాసు మీదకి పోయి, ఈయన ఏం తాగుతున్నాడా అని ఆలోచనలో పడుతున్నారు. ఆలోచన వస్తే నవ్వు రాదు. అందుకని నేను గ్లాసు కోసేశాను. పంపూ గోడా కూడా పోయాయి. మొహం ఒక్కటే మిగిలింది.

ముల్లు అంతకుముందు ఎప్పుడూ వెళ్ళని చోటికి వెళ్ళి ఆగింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. "మీ నాన్నగారు బంగారమండీ" అన్నారు శశిభూషణ్ గారు. నేనూ నవ్వాను, నేనూ కొట్టాను. ఆ శనివారం ఇంటికి వెళ్తూ నాన్నకి తాపేశ్వరం కాజాలు పట్టుకెళ్ళాను. "ఏంటే విశేషం" అని అడిగాడు. ఏమీ లేదన్నాను.

*

ఎన్నికలొచ్చాయి. ఒక శనివారం ఊరెళ్ళే బస్సులో ముందు సీట్లో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఒక ఫోను మీద పడి నవ్వుతున్నారు. నా చూపు కూడా అటు పోయింది. ఒక మొహం, కింద "రోడ్డు బాగోలేదంట" అని రాసుంది. నేను నవ్వాను.

నవ్వాక తెలిసింది, అది నాన్న అని. ముందు నవ్వు, తరవాత నాన్న. ఆ వరుస ఇప్పటికీ నన్ను వదల్లేదు.

సోమవారం శశిభూషణ్ గారి గదిలోకి వెళ్ళి తలుపేశాను. ఆయన మొహం మీద నిజంగానే బాధ కనిపించింది.

"ఎన్నికల ప్రచారం చేసేవాళ్ళకి పద్ధతి ఇచ్చాం కదండీ. దాంతోపాటు మొహాల పెట్టె మొత్తం వెళ్ళిపోయింది. కొలతబొమ్మ అందులో ఉందని చూసుకోలేదు."

"వెనక్కి తీయించండి సార్."

"ఎవరి దగ్గర్నించి తీయించమంటారు? రెండు పార్టీలవాళ్ళూ వాడుతున్నారు. మామూలు జనం ఇంకా ఎక్కువ వాడుతున్నారు. నాలుగు రోజులు ఓపిక పట్టండి, వాళ్ళే మర్చిపోతారు."

మర్చిపోలేదు. మొదట్లో ఆ మొహం కింద ఏదో ఒక ఫిర్యాదు రాసేవారు. కరెంటు లేదంట, డాక్టరు రాలేదంట, పుస్తకాలు ఇవ్వలేదంట. నెల తిరిగేసరికి మాటలు అక్కర్లేకపోయాయి, మొహం చాలు. కౌన్సిల్ మీటింగులో ఒకావిడ లేచి మురుగుకాలవ సంగతి ఎత్తితే, ఎవరో ఫోను పైకి పట్టుకున్నారు. హాలంతా గొల్లుమంది. ఆవిడా నవ్వుతూనే కూర్చుంది. కాలవ సంగతి మళ్ళీ ఎత్తలేదు. టీవీ చర్చల్లోనూ అదే తంతు. ఇళ్ళలో కూర బాలేదన్నవాడికీ ఆ మొహమే, పెళ్ళిలో భోజనాలు ఆలస్యమయ్యాయన్నవాడికీ ఆ మొహమే. "మొహం పెట్టకు" అనే మాట పుట్టింది. ఫలానా వాళ్ళు గెలిచారు, ఫలానా వాళ్ళు ఓడారు. మొహం మాత్రం ఉండిపోయింది. జనానికి పోలీసు భయం, నాయకుడి భయం కన్నా ఆ మొహం తమకి వస్తుందేమోనన్న భయం ఎక్కువైంది. నోరు తెరిచేముందే అది గుర్తొచ్చి, గుర్తు రాగానే నవ్వొచ్చి, ఫిర్యాదు ఏమిటో వాళ్ళకే మర్చిపోయేది.

నాన్న దగ్గర ఉన్నది బటన్ల ఫోను. వీధిలో పిల్లలు తనని చూసి నవ్వుతున్నారని మాత్రం తెలుసు. తరవాత ఎవరో చూపించారు కూడా. "నవ్విన నాపచేనే పండుతుందిలెండి" అని అమ్మ సర్దిచెప్పేది.

ఆ రోజుల్లోనే సత్తిబాబు గారు కొత్త బోరు వేయించి నాన్నకి కబురుపెట్టారు. మా పక్కింటాయన, వీధి చివర సిమెంటు కొట్టు ఆయనదే, నాన్నకి చిన్నప్పట్నించీ స్నేహితుడు. నాన్న గుక్క పోసుకుని పది లెక్కపెట్టాడు. మొహం నిమ్మళంగానే ఉంది. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. అయినా అందరూ నవ్వారు. కొబ్బరికాయ పట్టుకున్న సత్తిబాబు గారు కొట్టలేక కింద పెట్టేశారు.

"నీళ్ళు బాగున్నాయి కదా, ఎందుకలా నవ్వుతున్నారూ" అని నాన్న అమాయకంగా అడిగాడు. ఆ తరవాత ఆయన్ని ఎవరూ బోరు దగ్గరికి పిలవలేదు.

ఇదంతా నా వల్లేనని నాన్నకి చెప్పలేదు. చెప్పడానికి ప్రతి శనివారం బస్సెక్కేదాన్ని, చెప్పకుండా ప్రతి ఆదివారం తిరిగొచ్చేసేదాన్ని. నాకు ధైర్యం లేదు, అంతే.

*

గట్టుపేట రసాయనాల కంపెనీని మూడింతలు పెంచుతామన్నారు. దాని మీద ప్రజాభిప్రాయం సేకరిస్తామని కలెక్టరాఫీసు నుంచి ప్రకటన వచ్చింది. ఈసారి మాత్రం మొహం భయం కూడా దాటి ఊరు ఊరంతా మండిపడుతోంది. గట్టుపేటలో పిల్లలకి ఒంటి మీద మచ్చలు, పెరట్లో బెండ మొక్కలకి ఆకులు మాడిపోవడం, పాలు కాస్తే విరిగిపోవడం. ఎవరికి వాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టి దాచుకున్నారు.

నాన్న నెలరోజులు తయారయ్యాడు. ఆయన దగ్గర ఒక నీలం అట్ట పుస్తకం ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో ప్రతి బోరు రుచీ అందులో రాసుకున్నాడు. ఏ వీధి, ఏ తేదీ, తీపా, ఉప్పా, చేదా. కంపెనీ గోడ దగ్గర మొదలైన చేదు ఏటా ఎన్ని గజాలు ఊళ్ళోకి నడిచిందో ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది. అలాంటి లెక్క ప్రభుత్వం దగ్గర లేదు, కంపెనీ దగ్గర లేదు. దాన్ని సంచిలో పెట్టుకుని, గట్టుపేట నీళ్ళ సీసా, స్టీలు గ్లాసు కూడా పెట్టుకున్నాడు.

నేను ముందురోజే వెళ్ళాను. "నువ్వు రాసివ్వు నాన్నా, నేను చదువుతాను" అన్నాను.

"చదవడానికేముందే, చదివేస్తావు. నాలుకెవరిది?"

"అక్కడ నవ్వుతారు నాన్నా."

"నవ్వనీ. నవ్వినాక తాగాల్సింది వాళ్ళే కదేటి" అన్నాడు.

అప్పుడు చెప్పేయాల్సింది. ఆ నవ్వు మామూలు నవ్వు కాదు నాన్నా, దాన్ని నేను కొలిచాను, దాని ముందు నీ పుస్తకం నిలబడదు అని. అంతలో అమ్మ అన్నానికి పిలిచింది.

సభ కల్యాణమండపంలో జరిగింది. వేదిక మీద అధికారి, ఇద్దరు గుమస్తాలు, వాళ్ళ వెనక 'కంపెనీ పెరిగితే కుర్రాళ్ళకి పనులు' అని రాసిన గుడ్డ. ఒక పక్కన కంపెనీవాళ్ళు బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్ళు ఆ రోజు ఏమీ చేయలేదు, ఎవరినీ కొనలేదు, ఎవరినీ బెదిరించలేదు. ఏదైనా కుట్ర ఉన్నా బాగుండేది, నాకు తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు.

మొదట మాట్లాడిన ముగ్గురూ బాగా మాట్లాడారు. గట్టుపేట లోవలక్ష్మి తన కొడుకు చొక్కా ఎత్తి వీపు మీద మచ్చలు చూపించడానికి సిద్ధంగా వరసలో నిలబడి ఉంది. ఆమెకి ముందు నాన్న.

నాన్న మైకు దగ్గరికి వెళ్ళగానే ఎక్కడో ఒక చిన్న ఇకిలింపు. ఆయన పట్టించుకోలేదు. సీసా మూత తీసి గ్లాసులో పోశాడు. "ముప్ఫై ఏళ్ళు ఈ ఊరు నా మొహం చూసి నీళ్ళు తాగింది. ఇవాళ కూడా చూడండి" అన్నాడు. గుక్క పోసుకున్నాడు.

నాకు తెలియకుండానే నేను అంకెలు లెక్కపెడుతున్నాను. మూడు. నాలుగు. ఐదో అంకె దగ్గర రెండు కళ్ళూ మూసుకుపోయాయి. కింది పెదవి ఎడమవైపు జారింది. గడ్డం ముడుచుకుపోయింది.

కల్యాణమండపం కప్పు లేచిపోయినట్టు నవ్వారు. ఎవరూ హేళన చేయాలని నవ్వలేదు, అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. వాళ్ళ చేతుల్లో వాళ్ళ నీళ్ళ సీసాలే ఉన్నాయి. లోవలక్ష్మి నోటి మీద తన చేత్తో తనే కొట్టుకుంటోంది, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. కొడుకు చొక్కా సగం ఎత్తి అలాగే వదిలేసింది. అధికారి ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

పది అయ్యాక నాన్న కళ్ళు తెరిచాడు. హాలంతా వదిలేసి ముందు నా కోసం వెతికాడు. నేను రెండో వరసలో ఉన్నాను. నేనూ నవ్వుతున్నాను.

అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే అయ్యుంటాను. ఆ మొహాన్ని రెండేళ్ళపాటు రోజూ పొద్దున్న చూసినదాన్ని మరి.

నాన్న నీళ్ళు పక్కన ఉమ్మేసి, పుస్తకం తెరిచి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఎవరికీ వినపడలేదు. ఆయన దిగిపోయాక లోవలక్ష్మి మైకు పట్టుకుని "అయ్యా, మా నీళ్ళు..." అంది. అంతే, మళ్ళీ నవ్వొచ్చింది, కూర్చుండిపోయింది. చివర్లో వద్దన్నవాళ్ళు చేతులెత్తమంటే నాలుగు చేతులు లేచాయి. సభ ఉల్లాసంగా ముగిసిందని మర్నాడు పేపర్లో రాశారు.

ఆ సాయంత్రమే సత్తిబాబు గారు మా గేటు ముందు బండి ఆపారు. "కంపెనీ పెరిగితే కుర్రాళ్ళకి పనులొస్తాయి కదమ్మా. నేను మొదట్నించీ ఇదే అంటున్నాను" అన్నారు. సభకని ఆయన గట్టుపేటలో పట్టిన పసుపుపచ్చ నీళ్ళ సీసా బండి సంచిలోనే ఉంది. జగ్గారావు గారు గుర్తొచ్చారు.

*

మర్నాడు మధ్యాహ్నం పెరట్లో జామచెట్టు కింద నాన్న కుర్చీ పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఆయన వైపు చూడకుండా, నేల చూస్తూ చెప్పాను. చూస్తే నవ్వొస్తుందని భయం. కెమెరాలు, ముల్లు, చప్పట్లు, కాజాలు, ఏదీ దాచలేదు. తిడతాడనుకున్నాను.

చివరికి ఒక్కటే అడిగాడు. "గ్లాసెందుకు కోసేసేవమ్మా?"

నా దగ్గర జవాబు ఉంది, ముల్లు కదలాలని.

రాజమండ్రి వెళ్ళి విరుగుడు వెతికాను. నాలుగు నెలలు ఇంకో పని చేయలేదు. అసలు ఫొటో బయటికి తీశాను, గ్లాసు, పంపు, గోడ అన్నీ ఉన్నది. నలభైమందిని కూర్చోబెట్టి చూపించాను. అందరూ నవ్వారు. కెమెరా వాళ్ళ చూపు ఎక్కడెక్కడ తిరిగిందో గీత గీసి చూపిస్తుంది. ఒక్కరి గీత కూడా గ్లాసు దాకా రాలేదు. నెట్లో కూడా పెట్టాను. ముగ్గురు చూశారు, అందులో ఒకరు మొహం మాత్రం కోసుకుని వాడుకున్నారు.

శశిభూషణ్ గారు ఆ గీతలు చూసి తలపట్టుకున్నారు. "అంటు అతుక్కున్నాక విడదీయడం మా తాతలకి కూడా తెలీదండీ. కోస్తే రెండూ చస్తాయి" అన్నారు. నేను రాజీనామా కాగితం రాసిచ్చి ఇంటికొచ్చేశాను.

నాన్న అప్పటికే కుర్చీ తిప్పేసుకున్నాడు. జామచెట్టు వైపు మొహం, మా వైపు వీపు. మేమెవరం అడగలేదు. అమ్మకి కూడా పొరుగింటివాళ్ళు ఎప్పుడో చూపించేశారు. అన్నం వడ్డిస్తూ ఆయన వైపు చూసి ఫక్కున నవ్వి, వెంటనే వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేది. నాలుగు రోజులు అది చూశాక ఆయనే అటు తిరిగి కూర్చున్నాడు. అన్నం కూడా అలాగే తింటాడు. మాటలన్నీ వీపుతోనే. గొంతు మాత్రం నాన్నదే, అందుకని కాస్త బతుకుతున్నాం.

నన్ను పీడించేది ఇంకొకటి ఉంది. చిన్నప్పుడు నాన్న నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళేవాడు. వంతెన ఎక్కేటప్పుడు, "గట్టిగా పట్టుకున్నావా" అని వెనక్కి తిరిగేవాడు. ఆ సైకిలు గుర్తుంది, వంతెన గుర్తుంది, ఆయన చొక్కా గళ్ళు గుర్తున్నాయి. ఆయన వెనక్కి తిరగ్గానే మాత్రం ఆ మొహమే వస్తుంది. కళ్ళు మూసుకుని, పెదవి ఎడమవైపు జారి. ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా అదే. మా నాన్న అసలు మొహం నాకు ఎక్కడా దొరకడం లేదు. పాత ఆల్బములు తెరవాలన్నా ధైర్యం చాలడం లేదు.

*

రెండేళ్ళయింది. కంపెనీ పెరిగింది. గోడ గట్టుపేట దాటి ఊళ్ళోకి వచ్చింది. నీళ్ళు గోడకన్నా ముందే వచ్చేశాయి. కుళాయిలో అవే, బోర్లలో అవే, డబ్బాల్లో పోసి ఇంటింటికీ తెచ్చేవి కూడా ఊరి బోర్లలోవే.

చేదు నీళ్ళు నోట్లో పడితే మనిషి మొహం ఎలా మారుతుందో నాన్న ఒక్కడికే తెలుసనుకునేదాన్ని. అది ఆయన సొత్తేమీ కాదు. ఎవరి నోట్లో పడినా అంతే. కళ్ళు మూసుకుపోతాయి, పెదవి జారుతుంది, గడ్డం ముడుచుకుపోతుంది. పొద్దున్న ఆరింటికి కుళాయిలు వదిలితే, ఒక్కో ఇంట్లో ఒక్కొక్కరు మొదటి గ్లాసు తాగుతారు. వాళ్ళ మొహం అలా అవుతుంది. పక్కనున్నవాళ్ళు అది చూస్తారు. ఇంకేముంది, నవ్వు.

ఇప్పుడు మా ఊళ్ళో పొద్దున్నే కోడికూతల తరవాత వినిపించేది ఆ నవ్వే. అత్తాకోడళ్ళు నవ్వుతారు, మొగుడూ పెళ్ళాలు నవ్వుతారు. లోవలక్ష్మి కొడుకు మంచం మీద నుంచి లేవలేడు, గ్లాసు వాడి నోటికి అందించి ఆమె నవ్వుతుంది, తల్లిని చూసి వాడూ నవ్వుతాడు. నవ్వాక నీళ్ళ సంగతి ఎవరికీ గుర్తుండదు. గ్లాసు ఖాళీ అవుతుంది. పై ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు, "మీ ఊరివాళ్ళు ఎంత సరదా మనుషులండీ" అని మెచ్చుకుని వెళ్తారు. నవ్వు నాలుగు విధాల చేటని మా నానమ్మ అంటుంటే ఆడపిల్లల్ని అదుపులో పెట్టడానికి అంటోందనుకునేదాన్ని.

ఇవాళ పొద్దున్న అమ్మ నాకు గ్లాసు తెచ్చిచ్చింది. నాన్న ఎప్పట్లాగే జామచెట్టు వైపు తిరిగి కూర్చున్నాడు, ఒళ్ళో నీలం అట్ట పుస్తకం. నేను ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. మింగకుండా లెక్కపెడదామనుకున్నాను. మూడు దాకా కూడా వెళ్ళలేదు. నా రెండు కళ్ళూ గట్టిగా మూసుకుపోయాయి. నా కింది పెదవి ఎడమవైపు జారడం నాకే తెలిసింది. అద్దం అక్కర్లేకపోయింది.

అమ్మ నవ్వింది. అమ్మ నవ్వు విని నాకూ వచ్చింది, నోట్లో నీళ్ళతో అలాగే నవ్వాను. గోడ అవతల సత్తిబాబు గారింట్లో నవ్వారు. ఆ వెనకింట్లో. ఆ పై వీధిలో. నవ్వు అలా దూరం దూరంగా వెళ్ళి, ఇంతకుముందు ఎప్పుడూ వినపడనంత దూరం నుంచి కూడా వినిపించింది.

నాన్న తల కొంచెం పక్కకి వంచి, చెవి పెట్టి విన్నాడు. పుస్తకంలో పేజీ తిప్పి తేదీ వేశాడు.

"నిన్నటికన్నా ఎక్కువ నవ్వుతున్నారు" అన్నాడు జామచెట్టుతో. "రైలు గేటు అవతల బోర్లు కూడా చేదెక్కినట్టున్నాయి."

రాసుకుని, పెన్ను మూత పెట్టి, మిగతా ఇళ్ళవాళ్ళు నవ్వేదాకా ఆగాడు.